దరువు మీద పదో తరగతి

మా ఇంట్లో అచ్చులో ఉన్నది ఏదైనా వదలకుండా చదివేది నేనొక్కదాన్నే. పకోడీలు చుట్టి తెచ్చిన కాగితాన్ని కూడా నూనె మరకల మధ్య నుంచి చదివాకే పారేస్తాను. ఇంటర్ తప్పి, పెళ్లయి, గోరంట్ల దగ్గర ఈ పల్లెకు వచ్చినప్పుడు నా పెట్టెలో చీరల కింద కథల పుస్తకాలు ఉన్నాయని మా అత్త ఊరంతా చెప్పుకుని నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. కూతురు పుడితే పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరం కలిసి చదువుకుంటామని అప్పుడే ఊహించుకున్నాను. కూతురు పుట్టింది. దానికి చదవడం రాలేదు.

తెలివి లేకనా అంటే, ఆ మాట అన్నవాళ్ల నోట్లో మన్ను పడ. మాటలు త్వరగా రావాలని వస కొమ్ము అరగదీసి నాలుకకు రాస్తే, మోతాదు ఎక్కువైందేమో, వసపిట్ట అయి కూర్చుంది. దారిన పోయేవాళ్లను ఆపి, మీ గొర్రె ఈనిందా, మీ బోరులో నీళ్లు పడినాయా అని అడిగేది. వాళ్ల నాయన చెక్కభజన గురువు. రెండు చేతుల్లో గజ్జెల చెక్కలు పట్టుకుని, దరువుకు అడుగు వేస్తూ, గుండ్రంగా తిరుగుతూ పాడే భజన అది. వాన పడిన ఏడు ఆయన శనక్కాయ వేస్తాడు, పడని ఏడు గొర్రెల వెంట పోతాడు. ఏ ఏడైనా పొద్దు గుంకాక భజన గుడి ముందు పిల్లకాయలకు అడుగులు నేర్పిస్తాడు. పాప ఆ గుంపులో నిలబడి, పెద్దవాళ్లు మరిచిపోయిన చరణాన్ని కూడా అందించేది. ఒకసారి వింటే చాలు, పట్టుకునేది.

పలక ముందు పెడితే మాత్రం వేరే పిల్ల అయిపోయేది. ఈ రోజు దిద్దిన అక్షరాన్ని రేపు చూపిస్తే, ఊరికి కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు చూసేది. చిన్న బడిలో అయ్యవారు కొట్టి చూశాడు, మోకాళ్ల మీద నిలబెట్టి చూశాడు. మా అత్త తేనెతో నాలుక మీద బీజాక్షరాలు రాయించింది. ఎవరి వైద్యం వాళ్లది. పాప ఏడ్చి, ముక్కు తుడుచుకుని, మళ్లీ కబుర్లకు పోయేది. అక్షరం వచ్చినా రాకపోయినా పై తరగతికి పంపేస్తారు కాబట్టి అలాగే ఆరో తరగతికి వచ్చింది.

ఆ హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండేది నేనే. నా వంటగదికి, ఆరో తరగతికి మధ్య ఒక్క గోడ. పాప చదివే వంతు రాగానే ఆ గదిలో నవ్వులు మొదలయ్యేవి, నా చేతిలో గరిటె ఆగిపోయేది. వెళ్లి ఒక్కొక్కడి వీపు చీరేద్దామనిపించేది. పప్పు అడుగంటుతుందని ఆగిపోయేదాన్ని.

ఆ ఏడే హిందూపురం నుంచి కొత్తగా ఒక తెలుగు టీచర్ వచ్చింది. ఒక రోజు ఆమె నేరుగా వంటగదిలోకి వచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. నేను బియ్యం ఏరుతున్నాను.

"అక్కా, మీ పాప బద్ధకంతో సదవకుండా లేదు. ఆ బిడ్డకు అక్షరాలు పట్టుబడవు. డిస్‌లెక్సియా అంటారు దీన్ని. మాకు ట్రైనింగులో సెప్పినారు" అంది.

"రోగమా మేడం?"

"రోగం కాదు."

"మందు ఉండాదా?"

"లేదక్కా. దాంతోనే బతకాల. మనం ఎట్ల నేర్పిస్తే పట్టుకుంటాదో సూసుకోవాల, అంతే."

నాకు ఆ టీచర్ మీదే కోపం వచ్చింది. బద్ధకమైతే నయమవుతుంది. ఇన్నేళ్లు పాపను తిట్టుకుంటూ కూడా లోపల ఆశతోనే ఉన్నాను. ఈవిడ రెండు మాటల్లో ఆ తిట్లనూ ఆశనూ కలిపి ఊడ్చేసింది. ఆ రోజు అన్నం చిమిడిపోయింది. పిల్లలు గొణుక్కుంటూ తిన్నారు.

మర్నాడు టీచర్ పాప నాయనను కూడా బడికి పిలిపించింది. ఆయన తువ్వాలు నడుముకు చుట్టుకుని, బెంచీ మీద కూర్చోనని నిలబడే ఉన్నాడు. కొందరు పిల్లలకు అక్షరాలు కుదురుగా కనపడవని, అటూ ఇటూ కదిలినట్టు, తలకిందులైనట్టు ఉంటాయని టీచర్ ఓపిగ్గా చెప్పింది. అంతా విని ఆయన అడిగాడు.

"అందరికీ మెదలవా టీచరమ్మా?"

నేను, టీచర్ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చిన్నప్పుడు బడి మానేసి గొర్రెల వెంట పడినందుకు ఈ మనిషిని ఊరంతా మొద్దు అంది. నేనూ సరసానికి అనేదాన్ని. అక్షరాలు అందరికీ మెదులుతాయని, మిగతావాళ్లు ఎలాగో వాటిని పట్టుకుంటారని, తనకే చేతకాలేదని ఆయన ఇంత వయసు దాకా అనుకుంటూ వచ్చాడు. నాకు ఆ రోజు ఆయన మీద కలిగినంత జాలి ఎప్పుడూ కలగలేదు.

దారి చూపించింది కూడా ఆయనే. "నాకు పాటలన్నీ సెవి గుండానే వచ్చినాయి టీచరమ్మా. సదువు కూడా అట్లే పోనిచ్చి సూద్దాం" అన్నాడు. టీచర్ నవ్వలేదు. సరే అంది.

అప్పటి నుంచి మా ముగ్గురికీ ఒక పద్ధతి కుదిరింది. ఇంటర్వెల్లో టీచర్ వంటగదికి వచ్చి మర్నాటి పాఠం నాకు చెప్పేది. నేను కూరగాయలు తరుగుతూ వినేదాన్ని, ఇంటికి పోయి పుస్తకం ముందు పెట్టుకుని పైకి చదివేదాన్ని. ఆయన దాన్ని దరువులో పెట్టేవాడు. నమ్మరు గానీ, ఆకు ఎండను తిని అన్నం వండుకునే పాఠం మా ఇంటి ముందు చెక్కల మీద పలికింది. ఏ రాజు తర్వాత ఏ రాజో అడుగు మార్చినప్పుడల్లా వచ్చేది. గుండె నాలుగు గదులకూ నాలుగు అడుగులు. పాప నాయన వెనకే తిరుగుతూ, చెక్కలు కొడుతూ, పాఠం పాఠమంతా పుస్తకంలో ఉన్న మాటల్లోనే అప్పజెప్పేది. ఇరుగుపొరుగు మొదట్లో నవ్వారు. కొన్నాళ్లకు వాళ్ల పిల్లలను కూడా పంపడం మొదలుపెట్టారు.

బళ్లో పరీక్షలు పెట్టినప్పుడు టీచర్ పాపను పక్కకు పిలిచి నోటితో చెప్పించుకుని మార్కులు వేసేది. మిగతా అయ్యవార్లతో కూడా పోట్లాడి అలాగే వేయించింది. లెక్కల సారు ఒక్కడే "ఇది బడా, భజన గుడా?" అని ఎకసెక్కం చేశాడు. ఆ వారమంతా సాంబారులో ఆయనకు ముక్కలు పడలేదు. తర్వాత ఆయనా దారికొచ్చాడు.

అక్షరాల పని కూడా మానలేదు. పళ్లెంలో రాగులు పోసి వేలితో దిద్దించడం, గరుకు కాగితం కత్తిరించి తడిమించడం, టీచర్ ఎక్కడో విన్నవన్నీ చేసింది. తన పేరు రాసేది. ఎదురుగా ఏదైనా పెడితే, బొమ్మ దించినట్టు నిదానంగా దించేది. దించింది ఏమిటో అడిగితే తెలియదు.

ఇంకొక అలవాటు కూడా అయింది. పై అధికారులు బడికి వచ్చి పిల్లలను లేపి చదివించేవాళ్లు. రాకపోతే అయ్యవార్లకు చీవాట్లు, పిల్లకు అందరి ముందు అవమానం. అందుకని పాప వంతు వస్తుందనగానే టీచర్ తెలిసిన పాఠమే తీయించేది. పాప బొమ్మను చూసి ఇది ఏ పాఠమో గుర్తుపట్టేది. వరుసల కింద వేలు నడిపిస్తూ, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, పేజీ చివర మాట దగ్గర పేజీ తిప్పుతూ, చదువుతున్నట్టే చెప్పేది. ఒక అధికారి భుజం తట్టి, ఇలా చదవాలి పిల్లలంటే అని మిగతావాళ్లకు చూపించి పోయాడు. ఆ రోజు నేను అందరికీ తలా ఒక గరిటె పాయసం ఎక్కువ వడ్డించాను. ఇంటికొచ్చి "సదివేసినా మా!" అని పాప ఎగిరితే, దిష్టి తీశాను కూడా.

పదో తరగతికి వచ్చాక అసలు కష్టం ఎదురుగా నిలబడింది. పబ్లిక్ పరీక్షలో నోటితో చెప్పించుకునే టీచర్ ఉండదు. చదివి వినిపించడానికి, చెబితే రాయడానికి పక్కన ఒక మనిషిని ఇస్తారు. కానీ ఈ బిడ్డకు ఈ ఇబ్బంది ఉందని పెద్దాసుపత్రి డాక్టర్లు రాసివ్వాలి. పది తప్పిన ఆడపిల్లలు మా వైపు ఏమవుతారో నాకు తెలుసు. తెల్లారకముందే బట్టల ఫ్యాక్టరీ బస్సు వచ్చి రోడ్డు మీద హారన్ కొడుతుంది. తడి జుట్టుతోనే ఎక్కిపోతారు, దీపాలు పెట్టాక దిగుతారు. ఆ పని తప్పని నేను అనను. నా బిడ్డ నర్సు కావాలనుకుంది. ఊళ్లో ముసలివాళ్ల మందుల పేర్లు, ఏది ఏ పూటకో, అన్నీ దానికి నోటికొచ్చు. గుండె పాఠం అంత బాగా చెప్పే పిల్ల కుట్టు మిషను ముందు కూర్చోవాలంటే నా ప్రాణం ఒప్పుకోలేదు.

పెద్దాసుపత్రిలో ఆ సర్టిఫికెట్లు ఇచ్చే క్యాంపు రోజున నలుగురం బయల్దేరాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను పాపకు పూలు పెట్టి, "బయపడొద్దు మే, అడిగినదానికి బాగా సెప్పు" అన్నాను. బస్సులో టీచర్ కూడా దాని చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా మాట్లాడు, ఏం కాదు" అంది. నాయన అయితే, "మన ఊరి పేరు నిలబెట్టల్ల" అన్నాడు, భజన పోటీకి పోతున్నట్టు. బిడ్డను ఎక్కడికి తీసుకుపోయినా కన్నవాళ్లు చెప్పే మాటలే అవి. నీకు రాదని అక్కడ చూపించు తల్లీ అని ఏ అమ్మ చెబుతుంది? నోరెట్లా వస్తుంది? మా ముగ్గురిలో ఎవరికీ ఆ తలపే రాలేదు.

ఆసుపత్రి వరండా నిండా జనం. కాళ్లు లేనివాళ్లు, చూపు లేనివాళ్లు, ఎత్తుకుని తెచ్చిన పిల్లలు. మా పాప పూలు పెట్టుకుని, నవ్వుతూ, చంటిబిడ్డ ఉన్నవాళ్లకు నీళ్లు తెచ్చి ఇస్తోంది. ఈ పిల్లకేం రోగమని ఒకావిడ నన్ను అడిగింది కూడా. మా పిలుపు వచ్చేసరికి డాక్టరుకు పొద్దుటి నుంచి తిండి లేనట్టుంది, ముఖం వాడిపోయి ఉంది. టీచర్ చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "పాఠ్యపుస్తకం ఉందా?" అన్నాడు. టీచర్ సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆయన మధ్యలో తెరిచి పాప ముందు పెట్టాడు.

గుండె పాఠం. బొమ్మ పెద్దది.

పాప ఒకసారి మా వైపు చూసి, వేలు పెట్టి మొదలుపెట్టింది. ఒక్క మాట తడబడలేదు. నేను అయిపోయిందిరా దేవుడా అనుకునేలోపు పేజీ కూడా తిప్పింది. డాక్టర్ ఇంకొక చోట తెరిచాడు. అదీ చెప్పింది. పక్కన వాళ్ల నాయన ముఖం వెలిగిపోతోంది, అరచేయి తొడ మీద మెల్లగా దరువు వేస్తోంది. ఆయనకు ఇంకా అర్థం కాలేదు.

"ఇంత చక్కగా చదివే పిల్లను పట్టుకొచ్చి చదవలేదంటారేంటి?" అన్నాడు డాక్టర్.

"సార్, అది సదవడం కాదు, కంఠతా పట్టింది. మేమే నేర్పించినాం" అని టీచర్ గొంతు పెంచింది.

"టీచర్ అయ్యుండి ఇలా చేస్తారా? బయట చూశారా ఎంతమంది ఉన్నారో? వాళ్లది నిజం కష్టం."

నాకు ఒళ్లు మండిపోయింది. కిటికీలో ఎవరో టిఫిను తిని మడిచి పెట్టిన పేపరు ఉంటే లాక్కుని డాక్టరు బల్ల మీద పరిచాను. "ఇది సదివించు సార్! దీంట్లో ఒక్క ముక్క సదివితే నేను నీ కాళ్లు మొక్కి పోతా. సదువు మే, సదువు సూద్దాం!" అని అరిచాను. వరండాలోని జనం తలుపు దగ్గరకు వచ్చి చూస్తున్నారు.

పాప పేపరు వంక చూసింది. తలుపు దగ్గర జనం వంక చూసింది. ఆరో తరగతిలో నవ్వుల మధ్య నిలబడినప్పుడు ఎలా ఉండేదో ఆ ముఖం నేను మొదటిసారి చూశాను. అప్పట్లో మాకు మధ్య గోడ ఉండేది.

"నాకు సదవను వస్తాది సార్" అంది. "బస్సులో వచ్చినాం కదా, కండ్లు తిరుగుతాండాయి. అంతే."

డాక్టర్ నా వైపు తిరిగి, "అమ్మాయే చెబుతోంది కదమ్మా" అన్నాడు. అంతలోనే తర్వాతివాళ్లను పిలిచారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కొత్తచెరువు దాటింది. కిటికీ బయట ఎండిపోయిన శనక్కాయ చేలు, పీకడానికి కూడా కూలి గిట్టక వదిలేసినవి. పాప నాయన భుజం మీద తల పెట్టి అడిగింది.

"బాగా సెప్పినా కదా నాయనా?"

అప్పటికి ఆయనకు అంతా అర్థమైంది. అయినా దాని తల నిమిరి, "బాగా సెప్పినావు తల్లీ" అన్నాడు. టీచర్ ముఖం కొంగుతో కప్పుకుంది.

ఇంకొక క్యాంపు కోసం టీచర్ తిరగని చోటు లేదు. ఒకసారి కాదన్నాక మళ్లీ చూడాలంటే పరీక్షల తర్వాతే అన్నారు. పై ఆఫీసులో ఒకాయన, నోటితో అన్ని మార్కులు వేసింది మీరే కదా, ఇప్పుడు రాదంటే ఎలాగ అని ఆమెనే నిలదీశాడట. మేం కట్టుకున్న గోడ మా మీదే పడింది. మిగిలిన నెలల్లో భజన ఆపేసి అక్షరాల మీద పడ్డాం. రాగుల పళ్లెం మళ్లీ తీశాం. పాప వేళ్ల కొసలు ఎర్రబడేవి. హాల్ టికెట్ నంబరు చూడకుండా రాయడం వచ్చింది. దానికే సంబరపడి టీచర్ మిఠాయి తెచ్చింది. నేను తినలేకపోయాను. నాకు ఆపాటికే ఆశ చచ్చిపోయింది, వాళ్ల కోసం నోరు మూసుకున్నాను.

పరీక్షలు గోరంట్లలో పడ్డాయి. మొదటి రోజు పాప చేతి నిండా సిరాతో బయటికొచ్చింది. "నిండా రాసినా మా" అంది. రెండో రోజూ అదే మాట. కాగితాలు చాలక ఇంకా అడిగిందని తోటి పిల్లలు కూడా చెప్పారు. చచ్చిన ఆశ ఉత్తినే ఉండదు కదా, మళ్లీ కదిలింది. రాగుల పళ్లెమే పని చేసిందేమో, బిడ్డ మొండిది, ఎలాగో కూడబలుక్కుని రాస్తోందేమో అనుకున్నాను. మొక్కులు కూడా మొక్కాను.

టీచర్‌కు వేరే ఊళ్లో పరీక్షల డ్యూటీ పడింది. చివరి పరీక్షకు ముందు రోజు సాయంత్రం తీరిక చేసుకుని మా ఇంటికి వచ్చింది. ఆ రోజు సైన్సు అయింది, మర్నాడు సాంఘికం. ఆమె ప్రశ్నపత్రం అడిగి తీసుకుని, అరుగు మీద కూర్చుని, ఒక్కొక్క ప్రశ్న పైకి చదివింది. పాప గొర్రెపిల్లకు ఆకు తినిపిస్తూనే జవాబు చెప్పింది. ఇంకో ప్రశ్న. ఇంకో జవాబు. ఏదీ వదల్లేదు. టీచర్ గొంతులో ఉత్సాహం పెరుగుతూ పోయింది. "అన్నీ వచ్చు కదే తల్లీ!" అని పాప నాయన పైకే అనేశాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"ఇదంతా రాసినావా?" అని అడిగింది టీచర్.

"అదెట్ల రాస్తా టీచర్? ఏమి అడిగినారో నాకు తెల్దు కదా. మీరు సదివితేనే తెలిసె" అంది పాప, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

"మరి కాగితాలు అడిగి అడిగి ఏమి రాసినావు మే?" అన్నాను నేను.

"పేపర్లో ఉండేదే సూసి దించినా మా. మళ్లా మొదటి నుంచి మళ్లా దించినా. ఊరికే కూసుంటే సారు నన్నే సూస్తాడు. మనకు రాదని అందరికీ తెలిసిపోతాది."

ఆయన తల దించుకుని కాలి వేలితో మట్టి గీస్తూ ఉండిపోయాడు. టీచర్ చేతిలో ప్రశ్నపత్రం అలాగే ఉంది. నాకు అరిచి ఏడవాలని ఉంది, రేపటికి ఇంకొక పరీక్ష ఉందని ఆగిపోయాను. ఉండి ఏం లాభమో నాకే తెలియదు.

పాప గొర్రెపిల్లను వదిలి, చేతులు కడుక్కుని వచ్చి టీచర్ ముందు కూర్చుంది.

"పొద్దు పోతాంది టీచర్. రేపటిది మొదలుపెట్టండి" అంది.

టీచర్ నా వైపు చూసింది. నేను లోపలికి పోయి సాంఘికం పుస్తకం తెచ్చి ఇచ్చాను. ఆమె చదవడం మొదలుపెట్టింది, పాప వెనకే చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క మాట కూడా తప్పు పోలేదు.